నడుమంటే ఎక్కడండీ?

"మీ లెక్క ప్రకారం ఈ గోడౌన్‌లో మనుషులే లేరు డాక్టర్ గారూ. అందరూ ఇనుప స్తంభాలే!"

"మీ లెక్క ప్రకారం సరిగ్గా నిలబడగలిగినవాడే లేడు కదండీ. మరి పొద్దున్నుంచీ ఆ లారీలు నింపుతున్నదెవరు, దయ్యాలా?"

మేనేజర్ బల్లకి చెరోపక్కా నిలబడి ఇద్దరూ ఒకరినొకరు కొరికేసేలా చూసుకున్నారు.

ఆమె ఫిజియోథెరపిస్ట్. పార్సిళ్ళు మోసేవాళ్ళ నడుము జబ్బుల మీద సర్వే చేయడానికి ఒక ఆరోగ్య సంస్థ తరఫున వచ్చింది. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతూ ఉంటుంది కాబట్టి లోడింగ్ వాళ్ళకి 'టేపు మేడమ్' అయిపోయింది. అతను గోడౌన్‌కి కొత్తగా చేరిన కంపెనీ డాక్టర్. ఆమె లెక్కలో దాదాపు అందరికీ నడుము జబ్బే. అతని లెక్కలో ఒక్కరికీ లేదు.

మేనేజర్ తల పట్టుకున్నాడు. "బరువులెత్తే మెషీన్లు తెప్పించాలా వద్దా అన్నది మీ సర్వే మీదే ఉంది. నేనెవర్ని నమ్మను? ఇద్దరూ కూర్చుని ఒకే పద్ధతి తేల్చండి. తేలకపోతే సర్వే లేదు, మెషీన్లూ లేవు."

ఫస్ట్ ఎయిడ్ గదిలో ఒకటే బల్ల, రెండు కుర్చీలు. బయట వాన రేకుల కప్పు మీద దంచి కొడుతోంది. మాట వినపడాలంటే దగ్గరగా జరగాల్సిందే. ఇద్దరూ మొహాలు ముడుచుకునే జరిగారు.

"మీరేమని అడిగారు వాళ్ళని?" అన్నాడతను.

"ఎప్పుడైనా నడుము నొప్పి వచ్చిందా అని."

"ఎప్పుడైనా అంటే నాకూ వచ్చిందండీ, చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి!"

ఆమెకి ఒళ్ళు మండింది. "మరి తమరేమని అడిగారో?"

"పని చేయలేనంత నొప్పి ఉందా అని."

"ఎవరి ముందు?"

అతను కాస్త తటపటాయించాడు. "సూపర్‌వైజర్ ముందు."

"భలే! ఉందంటే రేపట్నుంచి రావొద్దంటారని వాళ్ళకి తెలీదా?"

అతని మొహం వాడిపోయింది. "నిజమే. నాకు ఆ ఆలోచనే రాలేదు."

పోట్లాటకి సిద్ధమై వచ్చిన ఆమె చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టేసింది. తప్పు ఇంత తేలిగ్గా ఒప్పుకునే డాక్టర్‌ని ఆమె ఇంతవరకూ చూడలేదు.

"నా ప్రశ్న కూడా మరీ వదులుగానే ఉందిలెండి," అంది మెల్లగా.

వానకి ఆగిన లోడింగ్ వాళ్ళని పిలిచి, నడుము ఎక్కడో చూపించమన్నారు. ఒకాయన బెల్టు పట్టుకున్నాడు. ఇంకొకాయన మెడ కింద నుంచి మొదలుపెట్టాడు. మరొకాయన పిరుదు మీద చరుచుకున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. ఇన్నాళ్ళూ తాము కొలిచింది ఏమిటో తమకే తెలియదు!

ముందు ఒక బొమ్మ కావాలన్నాడతను. వెనక నుంచి మనిషిని గీసి, కింది పక్కటెముక నుంచి పిరుదుల కింది వరకూ నల్లగా రంగేశాడు.

"ఇది మనిషా, సొరకాయా?"

"మీరు గీయండి చూద్దాం."

ఆమె గీసింది. అది గుమ్మడికాయలా వచ్చింది.

తరువాత వంగుడు కొలత, అంటే నడుము ఎంతవరకూ వంగుతుందో టేపుతో చూడడం. అతను పొద్దున కొలిచాడు, ఆమె పని దిగాక సాయంత్రం కొలిచింది. టేపు పెట్టే చోటూ వేరే. అన్నీ ఒకేలా ఉండాలంటే ముందు ఒకరి మీద ఒకరు నేర్చుకోవాల్సి వచ్చింది.

"మోకాళ్ళు మడవకుండా వంగండి. నవ్వకండి, కొలత మారుతుంది."

"చేతులు ఐసుగడ్డల్లా ఉన్నాయి మేడమ్! కితకితలు కూడానూ!"

"ఈ వానలో మరెలా ఉంటాయి?"

ఆ తరువాత వారమంతా ఒకే మనిషిని విడివిడిగా కొలిచి, చెరో కాగితం మీద రాసుకుని, పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. తేడా వస్తే మళ్ళీ పోట్లాట, మళ్ళీ టీ. ఓ సాయంత్రం స్టోర్ కీపర్‌ని కొలిస్తే రెండు కాగితాల మీదా ఒకటే అంకె. ఆమె కేక పెట్టి అతని చెయ్యి పట్టేసుకుంది. పట్టుకున్న సంగతి తెలిశాక వదిలేసింది, కానీ వెంటనే మాత్రం కాదు.

కొత్త పద్ధతిలో అసలు సర్వే మొదలైంది. గదిలో సూపర్‌వైజర్ ఉండకూడదు. సొంతవాళ్ళని సొంతవాళ్ళు అడగకూడదు. అందుకే లోడింగ్ మేస్త్రీ వంతు రాగానే ఆమె బయటికి వెళ్ళింది. ఆయన ఆమె బాబాయ్. నాన్న పోయాక పెంచింది ఆయనా, పిన్నీనే. ఇంట్లో నడుము గురించి ఎప్పుడు అడిగినా, "నాకేంటమ్మడూ, గుండ్రాయిలా ఉన్నా," అనేవాడు.

డాక్టర్ బొమ్మ చూపించాడు. "పోయిన నెలలో ఈ నల్ల రంగున్న చోట, రోజంతా వదలని నొప్పి ఉందాండీ? మీరు చెప్పింది ఈ గది దాటదు."

మేస్త్రీ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "నొప్పి సరే డాక్టరు బాబూ. ఎడమ కాలు మొద్దుబారిపోతోంది. చెప్పు జారిపోయినా తెలియట్లేదు. మా పిల్లకి చెప్పకండి."

"నేను చెప్పను. మీరే చెప్తారు. లేవండి, ఆసుపత్రికి వెళ్దాం."

ఆమె కూడా కారెక్కాక బాబాయ్ అంతా చెప్పేశాడు. ఆమె వెంటనే పిన్నికి ఫోన్ చేసింది.

స్కాన్ గది బయట పిన్ని చీర కొంగు నలుపుతూ కూర్చుంది. ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. అతను నీళ్ళ సీసా అందించాడు.

"మొదట్లో నేనే కొలిచానండీ ఆయన్ని. ఎప్పుడో ఓసారి పట్టేసిందన్నాడు, జబ్బుందనే రాశాను. అందరికీ అదే రాశాక ఆయన ప్రత్యేకంగా ఎలా కనిపిస్తాడు?"

"నేను ఏమీ లేదని రాశాను. అందరికీ అదే రాశాను. ఇద్దరం వదిలేశాం, ఇద్దరం కలిసే పట్టుకున్నాం. కాస్త తాగండి."

తలుపు తెరుచుకుంది. వెన్నెముక డాక్టర్ నవ్వుతూ బయటికొచ్చింది. "డిస్కు జరిగి నరాన్ని నొక్కుతోంది. కానీ టైముకే తెచ్చారు. ఇప్పటికి ఆపరేషన్ అక్కర్లేదు. మందులు, విశ్రాంతి, తరవాత వ్యాయామం. కాలు మెల్లగా దారిలో పడుతుంది. బరువులు మాత్రం ఎత్తనివ్వకండి."

పిన్ని ఒక్కసారిగా ఏడ్చేసి, ఏడుస్తూనే నవ్వేసింది. ఆమె అతని భుజం మీద వాలిపోయింది. అతను కదిలితే ఎక్కడ లేస్తుందో అని ఊపిరి కూడా జాగ్రత్తగా తీసుకున్నాడు.

"మేడమ్," అన్నాడు. "సర్వే అయిపోతే మీరు వెళ్ళిపోతారు కదా."

"వెళ్ళాలిగా."

"నాతో ఇంత బాగా పోట్లాడేవాళ్ళు ఇంకెక్కడా దొరకరండీ. మీకిష్టమైతే... జన్మంతా పోట్లాడుకుందాం."

ఆమె తలెత్తలేదు. "డాక్టర్లు ఇంత మెల్లగా అడుగుతారా? ఇష్టమే," అంది.

"నాకు వినపడిందమ్మా!" పిన్ని కళ్ళు తుడుచుకుంటూ గదిలోకి పరుగెత్తింది. "ఏమండోయ్, పిల్ల పెళ్ళి కుదిరింది!"

వాళ్ళు లోపలికి వెళ్ళేసరికి బాబాయ్ మంచం మీద లేవబోతున్నాడు. "లేవకండి!" అని ఒకరు, "లేవకు బాబాయ్!" అని ఒకరు అరిచారు.

ఆయన మళ్ళీ వెనక్కి వాలి, డాక్టర్ని చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. "ఇంట్లో పెద్దవాళ్ళు?"

"అమ్మ ఉందండీ. రేపే తీసుకొస్తాను."

"తీసుకురా నాయనా. మా పిల్లకి కోపం ఎక్కువ. అది మాత్రం ముందే చెప్తున్నా."

"చూశానండీ."

బాబాయ్ గట్టిగా నవ్వాడు. నడుము కలుక్కుమంది. "అబ్బా!" అన్నాడు. ఎన్నో నెలల తరువాత మొదటిసారి, ఎవరి దగ్గరా దాచుకోకుండా, గట్టిగా. పిన్ని తలగడ సర్దింది. ఆయన హాయిగా కళ్ళు మూసుకున్నాడు.