పెట్టె మూతలో ఓడ

జమాల్‌బీ పెట్టె మూత దభీమని వేసేసింది. ఒక్క క్షణం ఆలస్యమైతే సుభాని ముక్కు లోపలే ఉండిపోయేది.

“ఆడపిల్ల పెట్టెలో తల దూర్చేదేంది? సిగ్గులేదా?”

“పెట్టెలో కాదండీ, మూతలో! లోపల అంటించిన ఆ కాయితం... ఒక్కసారి తెరవండి, ప్లీజ్!”

అది అరవై ఒకటో సంవత్సరం. సుభాని గూడూరు కాలవల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. సర్వేకు వాడే మూడుకాళ్ల స్టాండులో ఒక కాలు విరిగితే, వాకాడులో వడ్రంగం చేసే చోటే సాహెబ్ ఇంటికి తెచ్చాడు. అతనికి పాత మ్యాపుల పిచ్చి. తెల్లవాళ్లు ఓడలేసుకుని కొత్త దేశాలు వెతికిన కాలంలో అచ్చయినవాటిని మద్రాసు పాతపుస్తకాల అంగళ్లలో ఏరి ఏరి పదకొండు పోగేశాడు. పన్నెండోది ఇదిగో, చోటే సాహెబ్ కూతురి పెట్టెలో కనిపించింది.

జమాల్‌బీ అవ్వ హజరాబీ నవ్వుతూ మూత తెరిపించింది. తెరచాపల ఓడ, నోరు తెరిచిన పెద్ద చేప, పక్కన మన తీరం.

“మా వాకాడు యాడ?” జమాల్‌బీ కోపం మరిచి ముందుకు వంగింది.

“ఇక్కడుండాల.” అతను వేలు పెట్టిన చోట అన్నీ నీళ్లే.

“ఊరిని సముద్రంలో ముంచినాడే మీ దొర!”

“పాపం, ఓడలోంచి చూసి గీసినాడు. దూరం నుంచి చూస్తే ఏదీ సరిగ్గా తెలీదు గదా,” అంటూ అతను ఆమెవైపు చూశాడు. ఆమె గభాల్న వెనక్కి జరిగింది.

“ఇది నాకిస్తారా అవ్వా?”

“పెట్టె ఇచ్చేది కాదు నాయనా. నేను పెళ్లై దీంతోనే ఈ ఇంటికొచ్చినా. రేపు జమాలు ఏ ఇంటికి పోతే, ఇదీ ఆ ఇంటికే.”

తర్వాతి వారం స్టాండు రెండో కాలు విరిగింది. ఆ పై వారం మూడోది. జమాల్‌బీ దాన్ని తిప్పి చూసింది.

“ఇది విరిగింది కాదు. రంపంతో కోసినారు.”

“మెల్లగా! మీ నాయన వింటాడు.”

“మీ ఆఫీసరుకు చెప్పేదా?”

“చెప్పు. నాలుగో కాలుండే స్టాండు పంపమని కూడా చెప్పు.”

ఆమెకు నవ్వాగలేదు.

నెల తిరక్కుండానే సుభాని తల్లి మదార్‌బీ సంబంధం అడుగుతూ కబురంపింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. జమాల్‌బీకి మాత్రం ఒక అనుమానం పట్టుకుంది. వచ్చిన ప్రతిసారీ అతని చూపు ముందు పెట్టె మీదికే పోయేది. ఇంతకీ అడిగింది తననా, మూతనా?

తడిగుడ్డ పరిచి మ్యాపును అంగుళం అంగుళం ఊడదీసింది. సుభాని వచ్చినప్పుడు చుట్టచుట్టి చేతిలో పెట్టింది.

“ఇదో మీ మ్యాపు. ఇంక పెట్టెతో పన్లేదు. అయినా పెళ్లి కావాలంటే ఆలోచించుకోని రాండి.”

అతను విప్పి చూశాడు. ఒక మూల చినిగి ఉంది. దాన్ని మళ్లీ చుట్టి చంకలో పెట్టుకుని సైకిలెక్కి వెళ్లిపోయాడు. జమాల్‌బీ బోసిపోయిన పెట్టె ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. అతనంటే ఎంత ఇష్టమో ఆ ఏడుపులోనే ఆమెకు తెలిసింది.

నాలుగో రోజు గుమ్మంలో మదార్‌బీ, వెనక సుభాని. అతని చంకలో మ్యాపు, చేతిలో గిన్నెడు మైదా జిగురు.

“చినిగిన మూల బాగుచేసేదానికి ఇన్నాళ్లు పట్టింది. పెట్టెది పెట్టెకే అంటిస్తా,” అన్నాడు.

“ఆ మాట చెప్పిపోతే ఏం పోయింది?”

“కోపమొచ్చింది! మ్యాపు మొదటిరోజే చూసినా గదా. మిగతా రెండు కాళ్లూ ఎందుకు కోసినాననుకున్నావు? నాకు నువ్వు కావాల జమాలూ. నువ్వొస్తే చాలు.”

మదార్‌బీ, హజరాబీ ఇద్దరూ పైట కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సుభాని మూతకు జిగురు పూసి, మ్యాపు పరిచి, గుడ్డతో ఒత్తాడు. పక్కనే జమాల్‌బీ గిన్నె పట్టుకుని నిలబడింది. పనంతా అయ్యాక ఆమె మూతలోకి తొంగి చూసింది.

“డ్రాఫ్ట్స్‌మన్ గారూ, ఓడ తలకిందులుగా ఉండాది!”

సుభాని అప్పుడు చూశాడు మ్యాపు వైపు. చెవులు ఎర్రబడ్డాయి. “అయ్యో! ఊడదీసి మళ్లీ...”

“వద్దు.” అతని జిగురు చేతిని జిగురుతోనే పట్టుకుంది. “అట్టనే ఉండనీండి. మీరు ఎవర్ని చూస్తా అంటించినారో నాకు తెలిసిపోయింది.”

నికా అయిన రోజు పెట్టె గూడూరు బండెక్కింది. ఓడ తలకిందులుగానే వెళ్లింది.