ఎర్రదీపం వెలిగాక

"వెనక సీట్లోనే కూర్చో. విన్నావా?"

"రోజూ చెప్పాలా అమ్మా? రోజూ అక్కడేగా కూర్చుంటున్నా!"

తల్లి కూతురి బ్యాగులో టిఫిన్ డబ్బా పెట్టి, నీళ్ళసీసా మూత ఒకటికి రెండుసార్లు బిగించింది. ముందు సీట్లో ఎండ మొహాన కొడుతుందని మొదట్లో చెప్పేది. వానలు మొదలయ్యాక దుమ్ము అంది. వానలో దుమ్మేమిటని పిల్ల పడీపడీ నవ్వింది. అయినా అమ్మ మాట తీసెయ్యలేక వెనక్కే వెళ్ళి కూర్చునేది.

ఇంటి ముందు పసుపురంగు స్కూలు బస్సు నిలబడి ఉంది. దాన్ని నడిపేది ఆ పిల్ల తండ్రే. వీధి చివర మలుపు దగ్గరున్న సిమెంటు బల్ల మొదటి స్టాపు. చిన్న తరగతుల పిల్లలు మెళ్ళో నీళ్ళసీసాలు వేలాడేసుకుని అప్పటికే అక్కడ చేరి ఉంటారు. డ్రైవరు వెనకున్న రెండు వరసలూ ఆ బుడతలకి రాసిచ్చినట్టే. "బస్సు మావయ్యా" అంటూ ఆయన చెవులు చిల్లులు పడేలా అరుస్తారు. వాళ్ళలో ఒకడి బూటు లేసు ఎప్పుడూ ఊడిపోయే ఉంటుంది. పాలకి వెళ్ళినప్పుడల్లా ఈ తల్లే ఆగి, వంగి, కట్టి వస్తుంటుంది.

బస్సు కదిలింది. ఆమె గేటు పట్టుకుని చూస్తూ నిలబడింది. మలుపు దగ్గర బస్సు వెనక ఎర్రదీపాలు వెలిగాయి. బస్సు ఆగింది. అప్పుడు గాని ఆమె ఊపిరి వదల్లేదు. కొన్ని నెలలుగా ఇదే వరస. లోపలికొచ్చి దేవుడి పటం ముందు చేతులు జోడించింది. "ఈ పూటకి గట్టెక్కించావు తండ్రీ" అనుకుంది. సాయంత్రం మళ్ళీ ఇంకో పూట ఉంది.

ఆ సాయంత్రం మబ్బులు కమ్ముకొచ్చాయి. కూతురు వసారాలో ఒక చెక్కపెట్టె తెచ్చిపెట్టి వైర్లు పరిచింది. పెట్టె మీద ఎర్రబల్బు, కింద పెడల్, పక్కన అంకెలు తిరిగే చిన్న గడియారం. అది ఆమె ఫిజిక్స్ ప్రాజెక్టు. మర్నాడు విశ్వవిద్యాలయం నుంచి ప్రొఫెసర్లు బడికి వస్తున్నారు. ప్రాజెక్టు నచ్చితే సెలవుల్లో తమ ప్రయోగశాలలో పరిశోధన నేర్చుకోనిస్తారు. ఆ అవకాశానికి ఫిజిక్స్ మాస్టారు పంపింది ఈ పిల్ల పేరొక్కటే.

"ఏమిటే అది? కుట్టుమిషనా?" అంది నాయనమ్మ మంచం మీంచి.

"బస్సు, నాయనమ్మా!"

"మరి చక్రాలేవే?"

"అక్కర్లేదు. బ్రేకు చాలు. ఎర్రదీపం వెలగ్గానే కుడికాలితో పెడల్ నొక్కాలి, నొక్కితే దీపం ఆరుతుంది. వెలిగినప్పట్నుంచి నొక్కేదాకా ఎంతసేపు పట్టిందో గడియారం చెప్తుంది. ఆ కాసేపట్లో బస్సు ఎంతదూరం పోతుందో లెక్కగట్టి రోడ్డు మీద గీత గీస్తాను. ఎవరి గీత పొట్టిగా ఉంటే వాళ్ళు మంచి డ్రైవరు."

కూర తరుగుతున్న తల్లి చెయ్యి ఆగిపోయింది. "ఇంకే ప్రాజెక్టూ దొరకలేదా నీకు?"

"బ్రేకు ముందు కంటితో వెయ్యాలి, కాలు తర్వాత అని నాన్న ఎప్పుడూ అంటాడుగా! అక్కణ్ణుంచే పుట్టిందమ్మా ఇది."

బస్సు దగ్గర్నుంచి వస్తున్న తండ్రి ఆ మాట విని పొంగిపోయాడు. "ఏం సైంటిస్టుగారూ, నాకేమన్నా వాటా ఉందా ఇందులో?"

ముందు పిల్ల నొక్కింది. చాక్‌పీసు తీసుకుని తమ గేటు దగ్గర్నుంచి పక్కింటి గేటుదాకా రోడ్డు అంచునే గీత గీసుకొచ్చింది. తర్వాత నాయనమ్మ వంతు. ఆవిడ చీర కాస్త పైకి పట్టుకుని, యుద్ధానికి కూర్చున్నట్టు కూర్చుంది. బల్బు వెలగడం, ఆవిడ ధడాలున తొక్కడం దాదాపు ఒకేసారి అయ్యాయి. ఆవిడ గీత పక్కింటి గేటు దాటి రెండు అడుగులే పోయింది.

"ఒరేయ్, నాకంటే వెనకబడ్డావంటే రేపట్నుంచి బస్సు నేనే తోల్తాను!" అంది కొడుకుతో.

ఆయన నవ్వుతూ కూర్చున్నాడు. బల్బు వెలిగింది. కాసేపు వెలుగుతూనే ఉంది. తర్వాత ఆరింది.

"ఏదో ఆలోచిస్తున్నాలే. మళ్ళీ పెట్టు."

రెండోసారి ఇంకా ఆలస్యమైంది. పిల్ల వైర్లన్నీ ఊడదీసి మళ్ళీ బిగించింది. ఎడమకాలితో నొక్కమంది. ఎడమకాలు అందరిలాగే టక్కున నొక్కింది. లోపం పెట్టెలో లేదని తల్లికి కూడా అర్థమైంది. ఆమె కత్తిపీట పక్కన పెట్టేసింది.

"మళ్ళీ కుడికాలు నాన్నా. ఒక్కసారి."

బల్బు వెలిగింది. గడియారంలో అంకెలు పరిగెడుతున్నాయి.

"నొక్కాను" అన్నాడు తండ్రి.

బల్బు ఆరలేదు.

"నొక్కానంటున్నాగా! చూశావా, నీ డబ్బాకే ఏదో జబ్బు చేసింది."

"నాన్నా..." పిల్ల గొంతు సన్నగా వచ్చింది. "నీ కాలు పెడల్ మీద లేదు."

అందరూ కిందికి చూశారు. ఆయన కుడికాలు పెడల్ పక్కన, వట్టి గచ్చు మీద, గట్టిగా అదిమిపెట్టి ఉంది.

నాయనమ్మ నవ్వు సగంలో ఆగిపోయింది. ఎర్రబల్బు వెలుగుతూనే ఉంది. తండ్రి కాలు తీసుకుని లేచాడు. లేచేటప్పుడు చెప్పు ఒకటి అక్కడే ఉండిపోయిన సంగతి కూడా ఆయనకి తెలియలేదు.

పిల్ల ఏమనుకుందో ఏమో, చాక్‌పీసు పట్టుకుని రోడ్డు మీదికి వెళ్ళింది. గేటు దగ్గర మొదలుపెట్టి వంగి గీసుకుంటూ పోయింది. పక్కింటి గేటు దాటింది. దీపస్తంభం దాటింది. ఒకచోట నిలబడి తలెత్తి చూసింది. ఎదురుగా సిమెంటు బల్ల.

"నాన్న గీత ఎక్కడ ఆపాలమ్మా?" అంది. "నొక్కనేలేదుగా. ఆపడానికి అంకె లేదు."

"లోపలికి రా!" తండ్రి గొంతు వీధంతా వినిపించింది. "నలుగురూ చూస్తున్నారు. నా లెక్క తీసెయ్ అందులోంచి."

"మనకి నచ్చలేదని లెక్క తీసెయ్యకూడదు నాన్నా. అలా ఎందుకొచ్చిందో అడగాలని మాస్టారు చెప్పారు."

"మీ మాస్టారు జీతమిస్తాడా నాకు?"

తల్లికి ఒక మేకు కళ్ళముందు కదిలింది. మొన్న ఎండాకాలంలో ఆయన బూటు విప్పితే మేజోడు నిండా రక్తం. బూటు అడుగులోంచి దిగిన మేకు మడమలో ఉంది. రోజంతా ఆ కాలితోనే బస్సు నడిపాడు. గుచ్చుకున్నట్టే తెలియలేదన్నాడు. ఎన్నేళ్ళుగానో షుగరు ఉంది కదా, కాలు మొద్దుబారిందేమో, డాక్టరుకి చూపిద్దామంది. "డాక్టరు కాగితమ్మీద రాశాడంటే లైసెన్సు పోతుంది. ఎవరితోనూ అనకు" అన్నాడు. ఆమె ఎవరితోనూ అనలేదు, ఒక్క దేవుడితో తప్ప.

తెల్లారేసరికి వాన పట్టుకుంది. ఆకాశం కిందికి దిగొచ్చినట్టు ఇంట్లో పొద్దున్నే లైట్లు వెయ్యాల్సొచ్చింది. తండ్రి బూట్లు తొడుక్కుని, తాళంచెవి కోసం గోడ మీది కొక్కేనికి చెయ్యి చాపాడు. కూతురు అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఇవాళ బస్సెక్కకు నాన్నా."

"పొద్దున్నే మొదలెట్టకు. జరుగు."

"పెట్టె ఇంట్లోనే వదిలేస్తాను. ప్రొఫెసర్లకి చెడిపోయిందని చెప్తాను. నీ కాలి సంగతి ఎవరికీ చెప్పను. నువ్వు మాత్రం ఎక్కకు."

"అబద్ధం చెప్తావా?"

"నిన్న నువ్వు చెప్పలేదా, నొక్కానని?"

తండ్రి మొహం మాడిపోయింది. "నొక్కాననే అనుకున్నానే..." అని గొణిగాడు. మరుక్షణం గొంతు పెంచాడు. "ఇన్నేళ్ళలో నా బస్సుకి ఒక్క గీత పడనిచ్చానా? ఒక్క పిల్లకి దెబ్బ తగలనిచ్చానా? ఈ పని పోతే నీ చదువుకీ, మీ నాయనమ్మ మందులకీ ఎవడిస్తాడు? నెల చివరికల్లా డాక్టరుకి చూపించుకుంటాను. అందాకా నోరు మూసుకో!"

"ఈలోగా ఎర్రదీపం వెలిగితేనో?"

"నాకు చేతకాదంటావా?"

"నువ్వు కాదు నాన్నా, నీ కాలు!"

నాయనమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "దాని మాట వినరా" అంది. ఎప్పుడూ ఆజ్ఞాపించే గొంతు బతిమాలుతోంది. ఆయన వినలేదు. తాళంచెవి తీసుకుని, "పిల్లలు అక్కడ వానలో తడుస్తున్నారు. పద" అన్నాడు.

పిల్ల కళ్ళు తుడుచుకుని బ్యాగు తీసుకుంది. తండ్రిని ఒంటరిగా పంపడం ఇష్టం లేక బయల్దేరిందని తల్లికి అర్థమైంది. ఆమె చేతులు వాటంతటవే కూతురి బ్యాగు సర్దాయి. నోరు కూడా దానంతటదే కదిలింది.

"వెనక సీట్లోనే..."

అంతే, మాట మధ్యలో తెగిపోయింది. కానీ పిల్ల వినేసింది. మెల్లగా వెనక్కి తిరిగి తల్లి కళ్ళలోకి చూసింది.

"ఎండా కాదు, దుమ్మూ కాదు" అంది. "నీకు ముందే తెలుసు కదమ్మా?"

తల్లి గోడకి ఆనుకుంది.

"ముందు సీట్లలో ఎవరుంటారో కూడా తెలుసు కదా? వాడి లేసు నువ్వే కడతావు కదా?"

ఆ ప్రశ్న పిల్ల అడిగిందా, తాను రోజూ దణ్ణం పెట్టే పటంలోంచి వచ్చిందా అని తల్లికి అనిపించింది. "నా పిల్లని కాపాడు తండ్రీ" అని రోజూ అడుగుతూనే ఉంది. అడిగిన ప్రతిరోజూ తన పిల్లకీ ఆ మలుపుకీ మధ్య పరాయి పిల్లల్ని రెండు వరసలుగా కూర్చోబెట్టింది. అది ప్రార్థన ఎలా అవుతుంది? అక్కడే కూలబడి, మొహం కప్పుకుని ఏడ్చింది.

"నువ్వు..." తండ్రి ఆమెవైపు అడుగువేసి ఆగాడు. "నన్ను నమ్మట్లేదా ఇన్నాళ్ళూ?"

"మిమ్మల్ని నమ్మానండీ. ఆ కాలిని నమ్మలేదు. మేకు తీసిన రోజునుంచి నమ్మలేదు" అంది ఏడుస్తూనే. "మీకు చెప్పే ధైర్యం లేక దీనికి చెప్పాను. వెనక్కి వెళ్ళమని. ఇదొక్కతేనా పిల్ల? అక్కడున్నవాళ్ళు ఎవరికీ పిల్లలు కారా?"

ఆయన కుర్చీలో కూర్చుని కుడి బూటు విప్పాడు. మేజోడు తీశాడు. బొటనవేలి పక్క చర్మం చీలి కొత్తగా ఇంకో పుండు. అది ఎప్పుడైందో ఆయనకే తెలియదు. దాన్ని వేలితో నొక్కి చూశాడు. మళ్ళీ నొక్కాడు. మొహంలో నొప్పి లేదు. నొప్పి లేనందుకు ఆ మొహం ముక్కలైపోయింది.

"భయమేసిందే" అన్నాడు కూతురితో, చిన్నపిల్లాడిలా. "డ్రైవర్ని కాకపోతే నేనేమిటో తెలియక భయమేసింది."

పిల్ల వచ్చి ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చుంది. ఆయన తాళంచెవి భార్య చేతిలో పెట్టి, బడికి ఫోను చేశాడు. ఇంకో డ్రైవర్ని పంపమన్నాడు. అవతల ఏమడిగారో, "ఇవాళొక్కరోజు కాదండి" అన్నాడు. "మళ్ళీ ఎక్కుతానో లేదో డాక్టరు చెప్పాలి."

కొత్త డ్రైవరు వచ్చేసరికి వాన కాస్త తగ్గింది. రోడ్డు మీద చాక్‌పీసు గీతలన్నీ కరిగిపోయాయి. తండ్రి గొడుగు పట్టుకుని, కుంటకుండానే, కాలు ఎక్కడ పడుతోందో చూసుకుంటూ బస్సుదాకా వచ్చాడు. ఆయన చంకలో చెక్కపెట్టె ఉంది. తడవకుండా ప్లాస్టిక్ సంచీ చుట్టి ఉంది.

"ఇది మర్చిపోయావు సైంటిస్టుగారూ."

"నాన్నా, నీ లెక్క..."

"ఉండనీ. 'మా నాన్న' అని చెప్పకు, ఎవరింటి గొడవో అనుకుంటారు. 'స్కూలు బస్సు డ్రైవరు' అని చెప్పు. విన్నవాళ్ళు ఇంటికెళ్ళి ఎవరి కాలు వాళ్ళు చూసుకుంటారు."

పిల్ల పెట్టె అందుకుంది. తండ్రి బస్సు తలుపు తెరిచి పట్టుకుని, "ముందు సీట్లో కూర్చో తల్లీ. స్టాపులో ఆ బుడతల్ని జాగ్రత్తగా ఎక్కించు" అన్నాడు.

బస్సు కదిలింది. భార్యాభర్తలిద్దరూ ఒకే గొడుగు కింద గేటు దగ్గర నిలబడ్డారు. రేపు డాక్టరు ఏమంటాడో, వచ్చే నెల ఎలా గడుస్తుందో ఇద్దరికీ తెలియదు. మలుపు దగ్గర, వానలో మసకగా, ఎర్రదీపాలు వెలిగాయి. బస్సు ఆగింది. సిమెంటు బల్ల మీంచి పిల్లలు ఒక్కొక్కరే లేచారు.

ఆయన కుడికాలు, తనకి తెలియకుండానే, తడినేలని గట్టిగా అదిమి ఉంది. ఆమె అది చూసింది. ఆయన చెయ్యి పట్టుకుంది.