గాడిద మలుపులో రెండో గేరు

హైల్ సిద్ర ఊరి నుంచి కిందికి దిగే కొండదారిలో గాడిద మలుపు అని ఒకటుంది. ఆ పేరు విని నవ్వినవాళ్ళంతా పగటిపూట నవ్వినవాళ్ళే.

కార్లు రాని కాలంలో, ఖర్జూరం బస్తాలు మోసే గాడిదలు అక్కడికి రాగానే కాళ్ళు నిగడదన్ని నిలబడిపోయేవట. కర్ర విరిగేలా కొట్టినా అడుగు కదిపేవి కావట. జిన్నులు రోడ్డుకి అడ్డంగా నడిచే చోటది అనేవారు పెద్దవాళ్ళు. తారు రోడ్డు పడ్డాక గాడిదలు పోయాయి గానీ చెడ్డపేరు పోలేదు. పొద్దుగూకాక ఆ మలుపు తిరిగే మొనగాడెవడైనా రేడియో కట్టేసి, బిస్మిల్లా అని గొణుక్కునే తిరుగుతాడు. మరీ ధైర్యవంతుడైతే కాస్త మెల్లగా గొణుక్కుంటాడు, అంతే తేడా.

మలుపుకి పైన, కూతవేటు దూరంలో జాహిర్ మెకానిక్ షెడ్డు ఉంది. వెనకే ఇల్లు, ఇంట్లో తల్లి సలామా.

జాహిర్ తమ్ముడు మర్హూన్ ఆ మలుపులోనే పోయాడు... ఒక చలికాలం సాయంత్రం, మగ్రిబ్ నమాజు వేళకి. పక్కసీట్లో ప్రాణస్నేహితుడు ఖల్ఫాన్ ఉన్నాడు. బండి లోయలోకి ఒరిగే ముందు ఖల్ఫాన్ తలుపు తోసుకుని దూకేశాడు. చెయ్యి విరిగింది, ప్రాణం దక్కింది. ఏమైందిరా అని ఊరంతా అడిగితే ఒకే మాట చెప్పాడు.

"గేరు తప్పాడు."

ఆ ఒక్క మాట జాహిర్‌ని బతకనివ్వలేదు. మర్హూన్‌కి బండి నేర్పింది తనే. "మలుపుకి ముందు రెండో గేరు. పెళ్ళి ముంచుకొచ్చినా, చావు ముంచుకొచ్చినా రెండో గేరు" అని వాడి చెయ్యి మీద చెయ్యేసి నేర్పాడు. ఆ చెయ్యి గేరు తప్పడమా? కొట్టు అరుగు మీద కూర్చునే పెద్దమనుషులు మాత్రం ఊరుకోలేదు. "అన్న నేర్పిన విద్యే కదా" అని మూతులు విరిచారు. ఊళ్ళో పిల్లలు చచ్చినవాడికి 'గేరుతప్పినోడు' అని పేరు పెట్టారు. సలామా కొడుకు పేరు పైకి పలకడం మానేసింది. ఇంట్లో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా అన్నం తినేవారు.

ఆ కొండ కుర్రాళ్ళకి ఒక ఆనవాయితీ ఉంది. గేరు రాడ్డు నెత్తిన చేత్తో పట్టుకునే నాబ్‌ని ఎవరిది వాళ్ళే చెక్కుకుంటారు. వాడు పోతే, ఆ నాబ్ ప్రాణస్నేహితుడి బండికి పెడతారు. మర్హూన్‌ది రేగుకర్ర నాబ్. తాత కత్తిపిడి నుంచి ఊడిన వెండి మేకు దాని నెత్తిన దిగ్గొట్టి ఉండేది. సలామా దాన్ని కళ్ళకద్దుకుని ఖల్ఫాన్ చేతిలో పెట్టింది. వద్దంటే ఎందుకు వద్దంటావని అడుగుతారు కదా. వాడు పెట్టించుకున్నాడు.

అప్పటినుంచీ మొదలైంది. గాడిద మలుపు దగ్గరికి రాగానే ఖల్ఫాన్ బండి గేరు ఊడిపోయేది... దానంతటదే న్యూట్రల్‌లో పడిపోయేది. ఇంకెక్కడా కాదు, అక్కడే. "నీ బండికి గాడిద బుద్ధులు వచ్చాయిరోయ్" అని ఊరు వేళాకోళం చేసింది. ఖల్ఫాన్ నవ్వేవాడు కాదు. చిక్కి సగమయ్యాడు. జాహిర్ గేరుబాక్సు విప్పి చూశాడు. పళ్ళు అరగలేదు, స్ప్రింగులు బిగువుగానే ఉన్నాయి. లోపం ఏమీ లేదు.

ఖల్ఫాన్ నిఖా రోజు వచ్చింది. పెళ్ళికూతురిది కింద ఊరు. సాయంత్రానికి దిగాలి, ఇంకో దారి లేదు. పొద్దు వాలుతుండగా తెల్లటి కొత్త అంగీలో, నడుముకి వెండి కత్తితో, పెళ్ళికొడుకు షెడ్డు ముందు బండి ఆపాడు. వెనక సీట్లో హల్వా డబ్బాలు.

"అన్నా, గేరు రాడ్డు కోసెయ్యాలి. నాలుగు వేళ్ళు తగ్గించు. నాబ్ కిందికి దిగాలి."

"సోకులా? పొట్టి రాడ్డు మొండికేస్తుందిరా. గేరు పడాలంటే ఇప్పటికి రెండింతలు బలం పెట్టాలి."

"పెడతాను."

"పెళ్ళికి పోతూ ఎందుకీ గోల? తిరిగొచ్చాక చూద్దాం."

"లేదన్నా, ఇప్పుడే కావాలి." ఖల్ఫాన్ గొంతు తగ్గించాడు. "నా మోకాలి చాటుకి దిగితే చాలు. పక్కన కూర్చున్నవాడి చెయ్యి దానికి అందకూడదు."

జాహిర్ చేతిలో పానా ఆగిపోయింది.

"నీ పక్కన ఎవడు కూర్చుంటున్నాడ్రా?"

ఖల్ఫాన్ పెదాలు తడుపుకున్నాడు. "ఎవరూ... లేరు. మాటవరసకి అన్నాను."

మాటవరసకి అలాంటి మాట ఎవడూ అనడు. గేరు ఊడిపోతుంటే లోపం బాక్సులో వెతుకుతారు గానీ పక్కవాడి చేతిని అనుమానించరు. పక్కసీట్లోంచి చెయ్యి చాచి గేరు ఊడగొట్టడం ఎలాగో తెలిసినవాడికే, తనకీ అలా జరుగుతుందన్న భయం పుడుతుంది.

జాహిర్‌కి ఆ సాయంత్రం మొత్తం కళ్ళకి కట్టింది. ఎడమవైపు స్టీరింగు దగ్గర తమ్ముడు... రెండో గేరు... పక్కనుంచి ఓ చెయ్యి...

"లోపలికెళ్ళి కహ్వా తాగు. అమ్మ ఉంది" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

రాడ్డు ఊడదీసి వైస్‌లో బిగించాడు. రంపం పెట్టి కోస్తుంటే ఒళ్ళంతా మంట. వీడా! వీడు నా తమ్ముణ్ణి చంపి, వాడు పోయాక మా అమ్మ పెట్టిన అన్నం తిన్నాడా! కోసిన ముక్క కింద పడి ఖంగుమంది. ఇక నాబ్ ఎక్కడానికి కొత్త కొనకి మరలు కొయ్యాలి. డై పెట్టి తిప్పాడు... ఒక చుట్టు... రెండో చుట్టు...

అక్కడ ఆగాడు.

రెండు చుట్లు చాలు. నాబ్ నిలబడుతుంది, మలుపు దాకా నిలబడుతుంది. అక్కడ మొండి గేరుని బలంగా లాగితే — చేతిలోకి ఊడొస్తుంది. ఎవడూ అడగడు. అదే మలుపు, అదే లోయ. 'గేరు తప్పాడు' అని ఊరే చెప్పుకుంటుంది. జాహిర్‌కి నవ్వొచ్చింది. ఏడాదిగా రాని నవ్వు అది.

"జాహిర్."

గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. చేతిలో ఖాళీ కప్పు.

"పెళ్ళికొడుకు బండిరా అది. గట్టిగా బిగించు. ఇంకో తల్లి నాలాగా ఏడవకూడదు."

ఆమె వెళ్ళిపోయింది. జాహిర్ డై మీద చెయ్యి వేశాడు. ఖల్ఫాన్‌ని, ఖల్ఫాన్ వంశాన్ని, తన మెత్తటి గుండెని కలిపి తిట్టుకుంటూ మళ్ళీ తిప్పడం మొదలుపెట్టాడు. మరలు నిండుగా కోశాడు. నాబ్ బిగించి, కింద ఇంకో నట్టు అడ్డంగా వేసి, రెండు పానాలు పట్టి, చేతి నరాలు తేలేలా బిగించాడు. ఏనుగు లాగినా ఊడదు.

తాళాలు ఇస్తూ ఖల్ఫాన్ చెవిలో అన్నాడు. "రేపు తిరిగిరా. మర్హూన్ గురించి మాట్లాడాలి. ఊరందరి ముందూ."

ఖల్ఫాన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. తాళాలు అందుకుని బండెక్కాడు. కోసిన రాడ్డు మీద నాబ్ అతని మోకాలి పక్కన ఒదిగి కూర్చుంది.

కొండల వెనక ఎరుపు ఆరిపోతోంది. మగ్రిబ్ పిలుపు మొదలైంది.

జాహిర్ షెడ్డు ముందు నిలబడి విన్నాడు. బండిని చూడక్కర్లేదు, చప్పుడు చాలు. మూడో గేరు... ఇంజను గురక... ఇదిగో, ఇక్కడ రెండోది పడాలి...

పడలేదు.

గురక ఆగిపోయింది. ఉత్త చక్రాల సవ్వడి — ఇంజనుకీ చక్రాలకీ తెగిపోయినప్పుడు వినపడే ఆ జారుడు చప్పుడు. ఒక్క క్షణం... రెండు... ఆపై కొండ అదిరేలా ఢామ్మని!

జాహిర్ పరుగెత్తాడు. మసీదుకి పోతున్నవాళ్ళు టార్చీలు వేసుకుని వెనకే పరుగెత్తారు.

బండి లోయలో పడలేదు. ఎవరో స్టీరింగు తిప్పినట్టు కొండవైపు తిరిగి, బండరాయికి మూతి పెట్టి ఆగింది. ఖల్ఫాన్ బతికే ఉన్నాడు. రెండు కాళ్ళూ నలిగి ఇరుక్కున్నాయి. కుడిచేత్తో ఉత్త రాడ్డుని పట్టుకుని ఉన్నాడు... నాబ్ లేదు. కొత్త మరలు అరచేతిలో దిగి నెత్తురు కారుతోంది.

"దించినా అందింది అన్నా..." గుసగుసగా అన్నాడు. "ముందు పైన తడుముకుంది. గాల్లో తడుముకుంది... తర్వాత మెల్లగా కిందికి దిగింది..."

"ఏది దిగింది?"

"వాడి చెయ్యి." ఖల్ఫాన్ భోరుమన్నాడు. "మర్హూన్ గేరు తప్పలేదన్నా! రెండోదే వేశాడు. నేనే... భయపెడదామని, నవ్వుకుందామని... న్యూట్రల్‌లోకి తోశాను! నేనే!"

టార్చీలు పట్టుకున్న ఊరంతా విన్నది. అరుగు మీద మూతులు విరిచిన పెద్దమనుషులు కూడా విన్నారు.

వాళ్ళలో ఒకాయన గొణిగాడు. "మరి నాబ్ ఎలా ఊడింది జాహిర్? నువ్వు బిగించినదే కదా..."

జాహిర్‌కి రెండు చుట్ల దగ్గర ఆగిన చెయ్యి గుర్తొచ్చింది. టార్చి లాక్కుని రాడ్డు మీద వేశాడు. మరలు నిండుగా ఉన్నాయి, ఎక్కడా చెడలేదు, బలవంతంగా ఊడివస్తే ఉండే గీరుడు ఒక్కటి లేదు. ఆ నట్టు రెండు పానాలు లేకుండా కదలదు. బండిలో పానా అన్నదే లేదు.

టార్చి పక్కసీటు వైపు తిరిగింది.

ఆ గుద్దుకి హల్వా డబ్బాలు వెనక నుంచి ఎగిరి ముందు అద్దానికి కొట్టుకున్నాయి. పక్కసీటు మీద మాత్రం రేగుకర్ర నాబ్, వెండి మేకు పైకి ఉండేలా, నిటారుగా కూర్చుని ఉంది. దాని పక్కనే నట్టు. ఎవరో తీరిగ్గా, చుట్టు తర్వాత చుట్టు విప్పి, అక్కడ పెట్టినట్టు.

జాహిర్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. వెచ్చగా ఉంది.

ఆ రాత్రి సలామా వాకిట్లోకి వచ్చి, ఏడాది తర్వాత మొదటిసారి, కొడుకుని పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. "మర్హూన్! నా మర్హూన్!" అని వీధి చివరిదాకా వినిపించేలా ఏడ్చింది. గేరుతప్పినోడు అన్న మాట మళ్ళీ ఆ ఊళ్ళో ఎవరి నోటా రాలేదు.

ఖల్ఫాన్ ఇప్పుడు కర్రలు పట్టుకుని నడుస్తాడు. కొండ దిగడు. పాపం అని ఎవరూ అనరు.

ఆ నాబ్‌ని జాహిర్ తన బండికి పెట్టుకున్నాడు. రాడ్డు కొయ్యలేదు, పక్కసీటు వైపు ఇంకాస్త వంచాడు. ఎందుకని అడిగితే చెప్పడు. మొన్నొకరోజు పొద్దుగూకాక, ఏదో పరధ్యానంలో, మూడో గేరులోనే గాడిద మలుపు దాకా వచ్చేశాడట. లోయ కనపడగానే ఉలిక్కిపడి, క్లచ్ తొక్కి, కుడిచెయ్యి చాచాడు.

చెయ్యి నాబ్‌కి తగలకముందే... రెండో గేరు పడి ఉంది.