నడిమి కుర్చీ

"పాతవి తీసుకోని కొత్తవి ఇస్తారా?"

ఆళ్లగడ్డలో నాది ఆంప్లిఫయర్లు బాగు చేసే చిన్న అంగడి. బయట చినుకులు. సోల్డరింగ్ మీద వంగినవాణ్ణి తల కూడా ఎత్తలేదు.

"మిక్సీలు పక్కంగట్లో."

"స్పీకర్లప్పా. ఎలక్ట్రోస్టాటిక్."

అప్పుడు తల ఎత్తాను. ఆ మాట మా ఊళ్లో ఇంకొకరి నోట వినడం అదే మొదటిసారి. తడిసిన జుట్టు, చిరాకు నిండిన కళ్లు. పేరు కీర్తన, నంద్యాలలో టీచరు. నేనేమో పేరు అడిగే లోపలే టేబుల్ అంచు కాల్చుకున్నాను.

"మా నాయన దగ్గర యాభై ఏండ్ల జత ఉండాది. చర్చి తెల్లదొర వాళ్ల దేశం పోతా పోతా ఇచ్చిపోయినాడంట. వాటిని మార్చాల."

"తప్పు చేస్తాండారు. వాటి లోపల ఉండేది పల్చటి పొర. మనిషి గొంతు వాటిలో పలికినట్టు కొత్తవాటిలో పలకదు. పైగా కొత్తవాటికి ఇంత పెద్ద ఆంప్లిఫయర్ కావాల."

"ఆ గొంతు వినేది ఒక్కరే గదా" అంది. "నట్టనడుమ ఒకటే కుర్చీ. రెండడుగులు పక్కకు జరిగితే దుప్పటి కప్పినట్టుంటాది. ప్రతి ఆదివారం మా నాయన ఆ కుర్చీలో కూర్చోని చర్చి క్వైర్ పాటల క్యాసెట్టు వింటాడు. అమ్మ ముప్పై ఏండ్లుగా వంటింట్లోంచే వింటాంది."

"అయితే?"

"ఆ క్యాసెట్టులో పాడేది మా అమ్మే."

కొత్తవి వంపు తిరిగి ఉంటాయి, సోఫాలో ముగ్గురు కూర్చున్నా అందరికీ వినిపిస్తాయి. ఆమె అడిగింది న్యాయమే.

"రూము చూడాల. ఆదివారం వస్తా" అన్నాను. కొలతలు ఫోన్లో కూడా చెప్పొచ్చు. ఆ సంగతి నేను చెప్పలేదు.

వారమంతా ఆ కుర్చీ నా బుర్రలోంచి పోలేదు. ఆదివారం నా చేత్తో కట్టిన పదిహేను వాట్ల వాల్వు ఆంప్లిఫయర్ ఒళ్లో పెట్టుకుని నంద్యాల బస్సులో కూర్చున్నాను. ముందు సీట్లలోని తలలన్నీ ఒకదాని వెనక ఒకటి కనిపిస్తుంటే ఏదో తట్టింది.

"వందనాలు సార్. నేను అజయ్."

రిటైర్డ్ టీచరు పరంజ్యోతి గారు తువ్వాలుతో స్పీకర్ల దుమ్ము తుడుస్తున్నారు. "అమ్మాయి కొత్తవంటాంది. కానీలేప్పా" అన్నారు. అంటూనే ఇంకోసారి తుడిచారు. నాకు జాలేసింది.

వాళ్లింట్లో ఎవరో అంటగట్టిన పెద్ద ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ ఉంది. దాని దూకుడుకు ఇంకొన్నాళ్లయితే పొరలు కాలిపోయేవి. తీసేసి నాది తగిలించాను. వాల్వులు వేడెక్కాయి. క్యాసెట్టు తిరిగింది. ఆయన నడిమి కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నారు.

"జీవా, కాఫీ."

జీవమ్మ గారు గ్లాసు పట్టుకుని గడపలోనే నిలబడ్డారు. కీర్తన నా వైపు తిరిగింది. "చూసినావా?"

నేను భోజనాల బల్ల దగ్గరి కుర్చీ తెచ్చి ఆయన కుర్చీకి సరిగ్గా వెనక వేశాను.

"ఏందీ, వీపు చూస్తా పాట వింటారా ఎవరన్నా?" అంది కీర్తన.

"ఇవి పక్కకు పాడవు. తిన్నంగా ముందుకు పాడతాయి. అదే గీతలో ఎంతమంది కూర్చున్నా వినపడతాది, బస్సు సీట్ల మాదిరి."

సార్ లేచారు. "జీవా, నువ్వు ముందర కూర్చో. నేను వెనక."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని ఆ కుర్చీ అంచున కూర్చున్నారు. పాట మళ్లీ మొదటి నుంచి పెట్టాను. కాసేపటికి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"సారమ్మ ఊపిరి తీసుకునేది కూడా వినపడతాంది."

సారమ్మ క్వైర్‌లో వాళ్లమ్మ పక్కన నిలబడేదట. పోయి ఐదేళ్లయిందని కీర్తన నా చెవిలో చెప్పింది.

"ఇన్నేండ్లు దీన్ని ఒక్కనివే విన్నావా?" జీవమ్మ గారు వెనక్కి తిరక్కుండానే అడిగారు.

"నీ గొంతే గదా, నీకు తెల్సు అనుకుంటి" అన్నారు సార్.

కీర్తన వాళ్ల వెనక మూడో కుర్చీ వేసుకుంది. "కొత్తవి వద్దులే" అంది నాతో.

బేరం పోయింది. దాని గురించి నాకు బెంగ లేదు. ఈ ఇంటికి మళ్లీ రావడానికి ఇక సాకు లేదు, అదీ నా బాధ. ఆంప్లిఫయర్ ఇక్కడే ఉండనీ అనుకుని సామాను సంచిలో సర్దసాగాను.

"అజయ్, యాడికి?" సార్ గొంతు. "ఇంకో కుర్చీ ఏసుకో."

నాలుగోది కీర్తన వెనక వేసుకున్నాను.

"వినపడతాందా?" అంది ఆమె మెల్లగా.

"నువ్వు అడ్డముండావు."

"పక్కకు జరగల్లా?"

"వద్దు."

ముందు కుర్చీలో జీవమ్మ గారు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. "ఏమయ్యా, ఈ పిల్లోడు పాట కోసం వచ్చినట్టు లేడే."

"తెల్సులే" అన్నారు సార్. "అందుకే కుర్చీ ఏసుకోమంటి."

కీర్తన పక్కకు జరగలేదు.