ముప్ఫై ఏడో పుట

మిర్చిబజ్జీ నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

స్రవంతి బజ్జీని ఎడమచేతిలోకి మార్చుకుని, దాన్ని చుట్టిన కాగితాన్ని బండి మీది బల్బు కిందికి పట్టింది. నూనె మరక మధ్యలో గుండ్రటి ఊదారంగు ముద్ర. మూలన పుట సంఖ్య ముప్ఫై ఏడు.

ఇక్కడ ఒక రహస్యం చెప్పాలి. పుస్తకాలు ఎత్తుకెళ్ళేవాళ్ళు మొదటి పేజీ, చివరి పేజీ చింపేసి ఇది మాదే అని దబాయిస్తారు. అందుకని లైబ్రరీవాళ్ళు లోపలెక్కడో ఒక పుటను ఎంచుకుని, బయటికి చెప్పకుండా అన్ని పుస్తకాల్లోనూ అదే పుట మీద ముద్ర వేస్తారు. శాలిబండ వెనక గల్లీలో స్రవంతి పనిచేసే చిన్న లైబ్రరీలో ఆ పుట ముప్ఫై ఏడు. అంటే ఇప్పుడు బజ్జీ నూనె తాగుతున్నది ఆమె లైబ్రరీ పుస్తకమే.

"నగేషన్నా, ఈ కాగితం యాడిది?"

"ఎందుకమ్మా, బజ్జీల ఉప్పు తక్కువైందా?"

"బజ్జీ మంచిగనే ఉన్నది. కాగితం సంగతి అడుగుతున్న."

"మలుపు కాడ పాత కాగితాలు కొనే రద్దీ దుకాణంల డానియేల్ దగ్గర తెచ్చిన. మందంగ ఉన్నది, నూనె చెయ్యికి అంటుతలేదు కదా?"

స్రవంతికి నిన్న మధ్యాహ్నం గుర్తొచ్చింది. బైండింగుకు పంపడానికి నలభై పుస్తకాల అట్టలు తనే ఊడదీసి, సుతిలితో కట్టి కిటికీ కింద పెట్టింది. పాత పేపర్ల కట్టలు తలుపు పక్కన పెట్టింది. రద్దీ బండి వచ్చినప్పుడు ఊడ్చే చంద్రమ్మ "ఏవి ఇయ్యాలె బిడ్డా?" అని అడిగితే, ఫోన్లోంచి తలెత్తకుండా "కిటికీ కిందివి" అనేసింది. అట్టల్లేని పుస్తకమూ, పాత పేపరూ చంద్రమ్మకు ఒకటే. బండి తోసే ముసలాయనకూ ఒకటే. ఇవాళ శుక్రవారం, లైబ్రరీకి సెలవు కాబట్టి ఘోరం ఇప్పటిదాకా బయటపడలేదు.

వాన మొదలైంది. స్రవంతి ముందు బజ్జీ తినేసింది. వేడి బజ్జీని పారేసేంత కోపం ఆమెకు ఇంతవరకు రాలేదు. కాగితం మడిచి పట్టుకుని మలుపు వైపు విసవిసా నడిచింది.

రద్దీ దుకాణంలో ఒక యువకుడు కాంటా పక్కన, పాత పుస్తకాల గుట్ట మీద కూర్చుని చదువుకుంటున్నాడు. తలెత్తకుండానే, "పేపరైతే అటు, అట్టలైతే ఇటు పెట్టున్రి" అన్నాడు.

"నా పుస్తకాలు నాకియ్యి భయ్యా."

ఇప్పుడు తలెత్తాడు. తడిసిన జుట్టు, చేతిలో నూనె కాగితం, కళ్ళలో నిప్పులు. తను ఏ పేజీలో ఉన్నాడో మరిచిపోయాడు.

"ఏ పుస్తకాలు మేడమ్?"

"నిన్న మీ బండి తెచ్చినయి. నలభై."

"బండి మా నాయినది. తూకం ఏసుకొని తెచ్చిండు. దొంగతనం చేయలే."

"దొంగ అన్ననా? నావి అన్న."

"వాటి మీద మీ పేరున్నదా?"

స్రవంతి గుట్టలోంచి అట్టలేని పుస్తకం ఒకటి లాగి అతని ఒళ్ళో పడేసింది. "ముప్ఫై ఏడో పేజీ తియ్యి."

తీశాడు. ముద్ర ఉంది. ఇంకొకటి పడేసింది. ముద్ర ఉంది. మూడోది అతనే లాగి, అతనే తీశాడు. అందులోనూ ఉంది.

"ఇదేం జాదూ మేడమ్?"

"జాదూ లేదు, ఏం లేదు. లైబ్రరీ. లే, గుట్ట మీదికెల్లి."

అతను లేచాడు. వాన తగ్గేదాకా ఇద్దరూ గుట్ట తవ్వారు. ముప్ఫై తొమ్మిది దొరికాయి. నలభయ్యోది బర్రెల పోషణ, రోగాల గురించిన పుస్తకం. దాన్ని అతను పొద్దున్నే విప్పి, విడి కాగితాలుగా బండ్లవాళ్ళకు ఇచ్చేశాడు. కొన్ని నగేష్ బండికి, మిగిలినవి చార్మినార్ వైపు పల్లీలు, చుడువా అమ్మే బండ్లకు.

స్రవంతి కట్ట మీద కూలబడింది. "వచ్చే నెల పుస్తకాలు లెక్క చూడనీకి పెద్ద మేడమ్ వస్తది. ఒక్కటి తక్కువైనా నా మీద రిపోర్టు రాస్తది. ఆ రిపోర్టు కోసమే మా బాపు కండ్లు కాయలు చేసుకొని చూస్తున్నడు."

ఆ మాటలో అతిశయం ఏమీ లేదు. లాల్‌దర్వాజాలో నాలుగు బర్రెలతో పాడి నడిపే కొండల్‌కు కూతురి ఉద్యోగం నచ్చలేదు. మూడు రోజులు అన్నం మానేసి ఆమె ఒప్పించుకుంది. ఆయన ఒప్పుకుంటూనే మెలిక పెట్టాడు: "ఆఫీసుకెల్లి నీ మీద ఒక్క మాట రావాలె, ఆ దినమే ఇంట్ల కూసుంటవ్. నేను చెప్పినోన్ని చేసుకుంటవ్." ఏడాదిన్నరగా ఒక్క మాట రాలేదు.

డానియేల్ దొరికిన పుస్తకాలను సుతిలితో గట్టిగా కట్టాడు. "ఆ కాగితాలు నేను జమచేస్త. మీరు ఫికర్ చేయకున్రి."

"చేస్త. నువ్వు తెచ్చేదాంక చేస్తనే ఉంట."

*

లైబ్రరీలో స్రవంతికి ఇష్టమైనవి చాలా ఉన్నాయి. షట్టరెత్తగానే మొహానికి తగిలే పాత కాగితం వాసన. పేపర్లను కర్రలకు బిగించడం. తేదీ ముద్ర వేస్తే వచ్చే టక్కుమనే చప్పుడు. పదకొండింటికి ఎదురు హోటల్ నుంచి వచ్చే చాయ్, ఉస్మానియా బిస్కెట్. రోజూ మూల కుర్చీలో కూర్చుని పెళ్ళి ప్రకటనలు మాత్రమే చదివే భిక్షపతి తాత. ఆయనకు పెళ్ళయి యాభై ఏళ్ళయింది.

ఇప్పుడా వరసలో ఇంకొకటి చేరింది. రోజూ పదకొండుంబావుకు డానియేల్ వచ్చి, చొక్కా లోపలినుంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పెడతాడు. నూనె మరకలుంటే స్రవంతి పౌడరు చల్లి, పెద్ద నిఘంటువు కింద అణచిపెడుతుంది.

"ఇయ్యాల ఏ బండి?"

"మదీన చౌరస్తా కాడ పల్లీల బండి. ఇయ్యనన్నడు. వానికి కిలో ఇంగ్లీష్ పేపర్ ఇచ్చి మార్చుకున్న. మేడమ్, గాలికుంటు వస్తే బర్రె కాళ్ళు దేంతో కడగాలె, చెప్పున్రి?"

"నాకేం తెలుసు!"

"బర్రెలున్న ఇంట్ల పుట్టి తెల్వదా? నలభై ఆరో పేజీ సదువున్రి."

"ఇంత సదువుతవ్, మెంబర్ కావచ్చు కదా?"

అతని నవ్వు కొంచెం తగ్గింది. "పద్నాలుగేండ్లప్పుడు ఈడికే వచ్చిన. ఇంటిపన్ను కట్టేటోళ్ళు ఎవరన్న జామీను సంతకం పెట్టాలన్నరు. మాది కిరాయి ఇల్లు. రద్దీ గుండయ్య కొడుక్కు సంతకం ఎవలు పెడతరు? అప్పటికెల్లి తూకం ఏసే ముందే సదువుకుంట."

ఆ సాయంత్రమంతా స్రవంతికి ఆ పద్నాలుగేళ్ళ పిల్లాడు కళ్ళ ముందే తిరిగాడు. అప్పుడు ఈ కుర్చీలో తను ఉంటే ఏం చేసేదో ఆలోచించింది. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. మర్నాడు పదకొండుంబావుకు అతను ఐదు నిమిషాలు ఆలస్యమైతే నాలుగుసార్లు గుమ్మం వైపు చూసింది. భిక్షపతి తాత పేపరు వెనకనుంచి ఐదోసారి కూడా లెక్కపెట్టాడు. "భయ్యా" అన్న పిలుపు ఆమె నోట్లోంచి ఎప్పుడు రాలిపోయిందో ఆమెకే తెలియదు.

*

ఆదివారం మధ్యాహ్నం ఫోనొచ్చింది. పెద్ద మేడమ్ వచ్చే నెల కాదు, రేపే వస్తోందట. పుస్తకంలో ఇంకా సగం కాగితాలు లేవు.

లైబ్రరీ చంద్రమ్మకు అప్పజెప్పి స్రవంతి రద్దీ దుకాణానికి పరుగెత్తింది. డానియేల్ లేడు. గుండయ్య ఒక్కడే కట్టలు కడుతున్నాడు.

"పోరడు చర్చికి పోయి, అటే సైదాబాద్ పోయిండు బిడ్డా. నీ కాగితాలేనా? గా డబ్బాల ఉన్నయి చూడు."

డబ్బా తీసింది. మిగిలిన కాగితాలు దాదాపు అన్నీ వరసగా, క్లిప్పు పెట్టి, అందంగా సర్ది ఉన్నాయి. స్రవంతికి చెవులు వేడెక్కాయి. డానియేల్ వచ్చేసరికి ఆమె ఆ క్లిప్పు పట్టుకుని కాంటా పక్కన నిలబడి ఉంది.

"ఎన్ని దినాలకెల్లి ఉన్నయి ఇవి నీ దగ్గర?"

అతను అబద్ధం చెప్పలేదు. "పది దినాలాయె."

"రోజుకు రెండు చొప్పున నాకు భిక్షమేసినవా? నా నౌకరీ నీకు టైంపాసా?"

"టైం ఉన్నది కదా, వచ్చే నెల అన్నరని..."

"రేపే! రేపే వస్తది మేడమ్!"

డానియేల్ మొహం పాలిపోయింది. "తప్పయింది. ఒక్కటేసారి అన్నీ ఇస్తే, మల్ల ఏం సాకు పెట్టుకొని రావాలె మీ దగ్గరికి? గదొక్కటే ఆలోచించిన." చొక్కాలోంచి మరో మూడు కాగితాలు తీశాడు. "ఇంకో సంగతి గూడ ఉన్నది. మూడు కాగితాలు జనం చేతులల్ల పోయినయి, దొరకవు. సైదాబాద్ లైబ్రరీల ఇదే పుస్తకం ఉన్నది. మెంబర్ కాకున్నా కూసొని రాసుకోనిస్తరు. ఐతారం ఐతారం పోయి రాసిన. బొమ్మ గీసేకాడ లేటైంది."

గుండ్రటి అక్షరాలు, కొట్టివేత ఒక్కటి లేదు. చివరి కాగితం మీద ఒక జంతువు ఉంది. కొమ్ములు ఉండబట్టి అది బర్రె అని నమ్మాలి.

స్రవంతికి నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ అతనికి చూపించదల్చుకోలేదు. కాగితాలన్నీ గుండెకు అదుముకుని, "కోపం పోలే నాకు. రేపు రాకు" అని వెళ్ళిపోయింది.

ఇంట్లో సూదీ దారం పట్టుకుని కుట్టడానికి కూర్చుంటే, కొండల్ పాలక్యాను దించి ఎదురుగా నిలబడ్డాడు. ఎవరో ఊదేసినట్టున్నారు.

"రద్దీ పోరడు రోజు లైబ్రరీకి వస్తున్నడంట?"

"వస్తున్నడు."

"ఎందుకు?"

స్రవంతి దారం కొరికి తలెత్తింది. "రేపు నువ్వే రా బాపు. నా మీద రిపోర్టు పడ్తదో లేదో, ఎవలు ఎందుకు వస్తున్నరో, నీ కండ్లతోనే చూడు. ఎవలో చెప్పింది ఇని నన్ను అడగకు."

*

పెద్ద మేడమ్ వాసవాంబ కళ్ళజోడు ముక్కు కొసకు జార్చి ఒక్కో పుస్తకం చూస్తోంది. కొండల్ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రావద్దన్న డానియేల్ రానే వచ్చి, భిక్షపతి తాత పక్కన బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు.

బర్రెల పుస్తకం వాసవాంబ చేతికొచ్చింది. వాసన చూసింది. "ఇదేంటమ్మా, మిర్చిబజ్జీ వాసన?"

డానియేల్ గభాల్న లేచాడు. "మేడమ్, తప్పు నాది. రద్దీ దుకాణం నాది. నేనే..."

"నువ్వు కూసో," అంది స్రవంతి. "నా తప్పు నువ్వు మీదేసుకుంటే నాకు మర్యాదనా? మేడమ్, బైండింగుకు కట్టిన పుస్తకాలు రద్దీకి పోయినయి. చూడకుండ ఇయ్యమన్నది నేను. చంద్రమ్మ తప్పు లేదు, వాళ్ళ తప్పు లేదు. తిరిగి తెచ్చినం. మూడు కాగితాలు చేతితో రాసి పెట్టినం. రిపోర్టు రాస్తే ఇదంతా రాయున్రి. సగం రాయకున్రి."

ఏడాదిన్నర కాపాడుకున్న ఉద్యోగం బల్ల మీద పెట్టేసి ఆమె నిటారుగా నిలబడింది.

వాసవాంబ ముప్ఫై ఏడో పుట తీసింది. నూనె మరక మధ్యలో ఊదారంగు ముద్ర చెక్కుచెదరలేదు. పుటలు వరసగా తిప్పింది. చేతిరాత దగ్గర ఆగింది. బొమ్మ దగ్గర ఇంకాసేపు ఆగింది.

"రాత బాగుంది. బొమ్మ మాత్రం ఇంకో ప్రతిలోంచి జిరాక్సు తీయించి అతికించు." పెన్ను తీసి రిజిస్టర్లో రాసింది. "నలభైకి నలభై ఉన్నాయి. ఇకమీదట కట్టలు ఇచ్చేటప్పుడు ఫోను పక్కన పెట్టు. ఇది రిపోర్టులో రాయను, నీకే చెబుతున్నా."

ఆవిడ వెళ్ళాక కొండల్ బల్ల దగ్గరికొచ్చి ఆ పుస్తకం అందుకున్నాడు. "ఇది బర్రెనా?"

"బర్రెనే పెద్దనాయినా," డానియేల్ లేచి నిలబడ్డాడు. "పొదుగువాపు బొమ్మ. పాలల్ల గడ్డలొస్తే ఆ పొదుగు పాలు దూడకు తాపొద్దు, డాక్టరును పిలవాలె."

"బర్రె తోక ఏ దిక్కుంటదో తెల్వనోడు నాకు చెప్తుండు!" కొండల్ కూతురి వైపు తిరిగాడు. "వీడేనా?"

"ఈయనే. డానియేల్. నాకిష్టం బాపు, దాచనీకి ఏం లేదు."

డానియేల్ చేతిలోని పెన్ను కిందపడింది. ఆ మాట అతను కూడా ఇప్పుడే వింటున్నాడు.

"చర్చికి పోయేటోడు."

"ఈయన చర్చికి పోతడు, నేను గుడికి పోత. ఇద్దరం లైబ్రరీకి వస్తం."

"మనోళ్ళు ఏమంటరు?"

"అననియ్యి. నా మీద రిపోర్టు రాలే. నువ్వు చెప్పినోన్ని చేసుకునే మాట ఇయ్యాలటితోని ఖతం." స్రవంతి సొరుగు లాగి ఒక ఫారం తీసింది. "ఇంకొకటి. నువ్వు ఇంటిపన్ను కడ్తవ్ కదా? ఈయన మెంబర్ కానీకి జామీను కావాలె. పద్నాలుగేండ్ల వయసుకెల్లి ఎవలూ పెట్టలే."

కొండల్ ఫారం వంక, ఆ కుర్రాడి వంక, మొండిగా గడ్డం ఎత్తి నిలబడ్డ కూతురి వంక చూశాడు. ఆ గడ్డం అచ్చం తనదే.

"పుస్తకం ఎత్తుకపోతే నన్ను పట్టుకుంటరా?"

"నేనే వచ్చి పట్టుకుంట."

"పెండ్లి మాట నేను అనలే. గిది సంతకం వరకే." ఆయన పెన్ను తీసుకుని, ఒక్కో అక్షరం గట్టిగా వత్తుతూ సంతకం పెట్టాడు. "పొదుగువాపుకు డాక్టరు ఎవలు మంచోళ్ళో అది గూడ రాసున్నదా పోరగా?"

మూల కుర్చీలో భిక్షపతి తాత పెళ్ళి ప్రకటనల పేజీ మడిచి పక్కన పెట్టేశాడు.

డానియేల్‌కు కార్డు ఇచ్చి, అతను ఎంచుకున్న మొదటి పుస్తకంలో స్రవంతి తేదీ ముద్ర వేసింది. టక్కుమంది. గడువు పదిహేను రోజులు.

మర్నాడు పదకొండుంబావుకే అతను దాన్ని తిరిగి తెచ్చేశాడు.