దొరగారికి సంబంధం

"గుర్రానికి క్షవరం చేసి మా ల్యాబ్‌కి పంపించింది ఎవరండీ?"

గుర్రపుశాల గుమ్మంలో అడుగుపెడుతూనే, ల్యాబ్ నుంచి వచ్చిన అమ్మాయి అడిగిన మొదటి మాట అది. చేతిలో బ్రష్ పట్టుకుని గుర్రాన్ని తోముతున్న కుర్రాడు గతుక్కుమన్నాడు. శాల యజమాని కొడుకతను. గుర్రాలతో గంటలకొద్దీ కబుర్లు చెబుతాడు గానీ, మనుషులు ఎదురైతే నోరు పెగలదు.

"నేనేనండీ. జూలు వెంట్రుకలు పంపమన్నారుగా! కత్తెరతో నీట్‌గా కట్ చేసి, దారంతో కట్టి మరీ పంపాను."

"చూశాను, ముద్దొచ్చేలా ఉన్నాయి. డీఎన్ఏ మాత్రం లేదు. అది కుదుళ్లలో ఉంటుంది. వెంట్రుక పీకాలండీ, కత్తిరించకూడదు."

"పీకితే నొప్పి కదండీ?"

"ఎవరికి? గుర్రానికా, మీకా?"

ఆమె దూరం నుంచే చెయ్యి చాచి, నాలుగు వెంట్రుకలు వేలికి చుట్టి చటుక్కున లాగింది. గుర్రం గడ్డి నమలడం కూడా ఆపలేదు. "అబ్బా!" అన్నది కుర్రాడే.

ఆ గుర్రాన్ని అందరూ దొరగారనే పిలుస్తారు. పొట్టి కాళ్లు, ఉంగరాల జూలు, పిలిస్తే పలకని గీర. ఆ జాతివి ఎంత వెతికినా పట్టుమని పాతిక లేవు. శాలలో ఆ జాతిదే ఓ ఆడగుర్రం ఉంది, పేరు చిలిపి. ఆ రెంటికీ ఓ పిల్ల పుడితే చూడాలని కుర్రాడి ఆశ. కానీ రెండూ మరీ దగ్గరి రక్తమైతే పుట్టే పిల్ల బలహీనమవుతుంది. అందుకే ఈ టెస్టు. ఈసారి జత కుదరకపోతే దొరగారిని అమ్మేసి, స్వారీ నేర్పడానికి మామూలు గుర్రాలు కొంటానని నాన్న తెగేసి చెప్పాడు. దొరగారు పుట్టినప్పుడు తడి ఒళ్లు తుడిచింది ఈ కుర్రాడే. అమ్మకం మాట ఎత్తితే చాలు, లేచి శాలలోకి వెళ్లిపోయేవాడు.

ఇంతలో వాన దంచికొట్టింది. ఆమె ఇక కదలడానికి లేదు. చిలిపికి దూరంగా, గోడకు అతుక్కుని నిలబడింది.

"గుర్రాలంటే భయమాండీ?"

"భయం కాదు, మర్యాద!"

చిలిపి మెడ సాచి ఆమె కోటు జేబులో మూతి పెట్టింది. ఆమె కెవ్వుమని కుర్రాడి చెయ్యి పట్టుకుంది.

"ఇదీ మర్యాదేనాండీ?"

"అబ్బో, తమరికి మాటలు కూడా వచ్చన్నమాట!" అంటూ కళ్లెర్ర చేసింది గానీ, చెయ్యి వదలడం కాస్త ఆలస్యమైంది. ఆ ఆలస్యం కుర్రాడి బుర్రలో తిష్ట వేసుకుంది.

వాన తగ్గాక చిలిపి వెంట్రుకలు కూడా తీసుకుని, రిజల్ట్ చెప్పడానికి ఇంటి ఫోన్ నంబరు రాసుకుని వెళ్లింది.

ఆ ఫోన్ వచ్చేసరికి కుర్రాడు శాలలో ఉన్నాడు. అమ్మ ఎత్తింది.

"ల్యాబ్ నుంచండీ. సారీ, ఈ సంబంధం కుదరదు. మరీ దగ్గరి చుట్టరికం బయటపడింది."

అమ్మ కుర్చీలో కూలబడింది. "చుట్టరికమా? మీ నాన్నగారు ఎవరి తాలూకమ్మా? మా వైపా, మా వారి వైపా?"

"మధ్యలో మా నాన్నగారెందుకండీ?"

"ఎవరైతేనేంలే, కాస్త ఆలోచించు తల్లీ! నువ్వొచ్చి వెళ్లిన దగ్గర్నుంచి మావాడికి తిండి లేదు, నిద్ర లేదు. గుర్రాన్ని కూడా 'ఏమండీ' అని పిలుస్తున్నాడు!"



"నేను... గుర్రాల సంగతి చెబుతున్నానండీ," అని ఫోన్ పెట్టేసింది.

సంగతి విని కుర్రాడు తల పట్టుకున్నాడు. "కొంప ముంచావు కదే అమ్మా!" దొరగారు పోతున్నాడు, పరువు పోనే పోయింది. దేనికి ముందు ఏడవాలో తెలియలేదు.

మర్నాడు ల్యాబ్‌కి వెళ్లాడు. తలెత్తకుండానే అన్నాడు: "మా అమ్మ మాటలు పట్టించుకోకండి. దొరగారికి ఇంకేదైనా దారి ఉంటే చెప్పండి. వాణ్ని పోగొట్టుకోలేనండీ."

ఆమె కంప్యూటర్ అతని వైపు తిప్పింది. "మా దగ్గరున్న పాత శాంపిల్స్ అన్నీ గాలించాను. ఓ ముసలాయన దగ్గర ఇదే జాతి ఆడగుర్రం ఉంది. చాలా దూరపు రక్తం, పిల్లకి ఢోకా లేదు. ఆయన సరేనన్నాడు. మీ నాన్నగారితో కూడా మాట్లాడాను. అమ్మకం సంగతి ఆయనే చెప్పారు, ఇక దొరగారిని అమ్మనని మాటిచ్చారు."

కుర్రాడికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీ మేలు మర్చిపోనండీ," అని లేచాడు.

"కూర్చోండి. మీ అమ్మగారి మాటలు పట్టించుకోవద్దన్నారు. అంటే అబద్ధాలా?"

అతను తలుపు వైపు చూశాడు, నేల వైపు చూశాడు, ఇక తప్పదన్నట్టు ఆమె వైపు చూశాడు. "నిజమేనండీ. మీరంటే చాలా ఇష్టం. చెబితే నవ్వుతారేమోనని చెప్పలేదు."

ఆమె నిజంగానే నవ్వింది. నవ్వుతూనే ఫోన్ తీసి నంబరు నొక్కింది. అవతల అమ్మ గొంతు వినబడగానే కుర్రాడు వద్దన్నట్టు రెండు చేతులూ ఊపాడు.

"నేనేనండీ, ల్యాబ్ నుంచి. నిన్న మీకు జవాబు చెప్పకుండా పెట్టేశాను. మీ ఇంటికీ మా ఇంటికీ ఏ చుట్టరికమూ లేదు." ఓరకంట కుర్రాణ్ని చూసింది. "ఇప్పటిదాకా అయితే లేదు, అత్తయ్యా!"