సువార్త మింగిన మాత్రలు

ఆ ఉదయం ముద్దనూరులో సంగటి కెలుకుతూనే సువార్త తల పట్టుకుని కూలబడింది. కళ్ల ముందు చుక్కలు కనిపిస్తున్నాయంది. నెలరోజులుగా వింటున్న తలనొప్పే కదా అని అత్త విజయమ్మ ఇన్నాళ్లూ పట్టించుకోలేదు. ఆమె ప్రభుత్వ నర్సు. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లకు మందూ మాత్రా ఇచ్చేది ఆమే. ఈసారి మాత్రం సంచిలోంచి బీపీ మిషను తీసి కోడలి చేతికి పట్టీ చుట్టింది.

నూట తొంభై, నూట ఇరవై. మిషను చెడిందనుకుని తన చేతికి చుట్టుకుని చూసుకుంది. బాగానే ఉంది. మళ్లీ కోడలికి కట్టింది. అదే అంకె. ఆ పిల్లకు ఇరవై నాలుగేళ్లు.

అవి తొంభై ఆరు ఎన్నికల రోజులు. కొడుకు దేవపాలు ఒక నాయకుడి జీపు తోలేవాడు. ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి వెంటనే ఆటోలో ప్రొద్దుటూరు ఆసుపత్రికి తీసుకెళ్లారు.

ఏమైనా మందులు వాడుతున్నావా అని డాక్టరమ్మ అడిగింది. సువార్త కొంగుముడి విప్పి, సగం ఖాళీ అయిన మాత్రల అట్ట బల్ల మీద పెట్టింది. విజయమ్మ దాన్ని తీసుకుని తిప్పి చూసింది. పిల్లలు పుట్టకుండా మింగే మాత్రలవి. తన సంచిలోవే. రెండేళ్లుగా మనవడి కోసం చర్చిలో ప్రార్థనలు చేయిస్తున్నది తనే.

ఈ మాత్రలు కొందరికి రక్తపోటు పెంచుతాయనీ, ఇలాగే వదిలేసుంటే పక్షవాతం రావచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. మానేస్తే చాలామందికి తగ్గుతుందట. బీపీకి మందు మొదలుపెట్టి, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచుకుంది.

"మాకు తెలీకుండా ఎందుకు మింగినావు?" మంచం దగ్గర కూర్చుని దేవపాలు అడిగాడు.

"నువ్వు జీపెక్కినంక మళ్లా వస్తావో రావో నాకు తెలీదు. పోయినేడు జమ్మలమడుగు దోవలో జీపు మింద బాంబులేసినప్పుడు నీ పక్కనున్నోడు సచ్చిపాయ. వాని పెండ్లాం ఏడ్నెలల కడుపుతో పీనుగ మింద పడి ఏడుస్తాంటే నేనాడనే ఉండా."

దేవపాలు గోడకు ఆనుకున్నాడు.

ఇన్నేళ్లలో విజయమ్మ ఏ ఊళ్లోనూ బీపీ చూడకుండా అలాంటి అట్ట ఎవరి చేతిలోనూ పెట్టలేదు. ఇంట్లో పిల్లను మాత్రం నీకేం కావాలని ఒక్కమాట అడగలేదు. నన్నడిగి ఉంటే అనబోయి ఆగిపోయింది. పూటపూటకూ మనవడి మాటెత్తే అత్తను ఏ కోడలు అడుగుతుంది?

"తప్పు నాదేలేమ్మా," అంది చివరకు. "పిల్లోల్లు మీకెప్పుడు కావాలంటే అప్పుడే. నేను నోరెత్తను."

నాలుగో రోజుకు బీపీ నూట నలభైకి దిగింది. ఆ పొద్దున బయటికి వెళ్లిన దేవపాలు సాయంత్రానికి గానీ తిరిగి రాలేదు. జీపు తాళాలు నాయకుడి చేతికిచ్చి వచ్చానన్నాడు.

"ఒప్పుకున్న్యాడా?" అని సువార్త భయంగా అడిగింది.

"ఒప్పుకోలే. అయినా ఇచ్చొచ్చినా."

తల్లి ముందే భార్య చేయి పట్టుకుని అతడు వెక్కివెక్కి ఏడ్చాడు.